కాటా మారినా తూకం మారకూడదు

అందరికీ నమస్కారం. ఇందాక టీ దగ్గర ఒక విద్యార్థి నన్ను నిలదీశాడు. "సార్, అలలే మనిషెత్తు లేస్తుంటాయి కదా, సముద్రమట్టం ఏడాదికి నాలుగు మిల్లీమీటర్లు పెరిగిందని ఆకాశం నుంచి ఎలా చెబుతారు?" అని. నేను రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి అతని ప్రశ్నే ఎత్తుకుంటాను.

1992 ఆగస్టులో అమెరికా, ఫ్రాన్స్ కలిసి టోపెక్స్-పొసైడన్ అనే ఉపగ్రహాన్ని పంపాయి. 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది రాడార్ తరంగాన్ని వదిలి, నీటిని తాకి తిరిగొచ్చేదాకా టైము చూసేది; దాన్నిబట్టి నీరు ఎంత ఎత్తులో ఉందో లెక్కగట్టేవారు. పోయిరావడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఒక్కో కొలతలో కొన్ని సెంటీమీటర్ల తేడా ఉంటుంది, నిజమే. కానీ పది రోజులకోసారి అదే దారి తిరిగే ఉపగ్రహం ఇచ్చే లక్షల కొలతల సగటు తీస్తే ఆ ఎచ్చుతగ్గులు చాలావరకు చెల్లిపోతాయి.

అసలు టెన్షన్ అక్కడ కాదు. సముద్రం తీరు తెలియడానికి దశాబ్దాలు కావాలి, ఒక్క ఉపగ్రహం అంతకాలం బతకదు. మధ్యలో కాటా మార్చక తప్పదు. రేవులో చేపల కాటా మారిస్తే ఏం చేస్తాం? పాతదాని మీద తూచిన బుట్టనే కొత్తదాని మీదా పెట్టి చూస్తాం. 2020 నవంబరులో వెళ్లిన సెంటినెల్-6ను కూడా అలాగే, అప్పటికే సముద్రాన్ని కొలుస్తున్న జేసన్-3 ఉపగ్రహం వెనకాల అర నిమిషం ఎడంలో, అదే దారిలో ఏడాదికి పైగా నడిపించారు. రెండూ ఒకే నీటిని కొలిచాయి.

ఇంత చేసినా కాటా ఒక్కోసారి మోసం చేస్తుంది. టోపెక్స్ మొదటి రాడార్ పాతబడితే 1999లో రెండోదానికి మారారు. తొలి ఆరేళ్ల లెక్కలో పెరుగుదల కాస్త ఎక్కువగా కనబడిందని తర్వాత తేలింది. పట్టిచ్చింది ఎవరనుకున్నారు? రేవుల్లో నీళ్లలో నిలబడి ఆటుపోట్లు కొలిచే పాతకాలపు టైడ్ గేజీలు! నాకు వాటి మీద అభిమానం అప్పటినుంచే. తప్పు సరిదిద్దాక మరో సంగతి బయటపడింది. తిన్నగా పోతోందనుకున్న గీత పైకి వంగుతోంది. 1993 ప్రాంతంలో ఏడాదికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరిగే మట్టం ఇప్పుడు 4 దాటి పెరుగుతోంది.

మనవాళ్లూ ఇందులో ఉన్నారు. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మీద వెళ్లిన సరళ్ ఉపగ్రహంలో ఫ్రాన్స్ వాళ్ల ఆల్టికా రాడార్ ఉంది. కే-ఏ బ్యాండ్‌లో, అంటే మరింత పొట్టి రేడియో తరంగాలతో పనిచేస్తుంది కాబట్టి మునుపటి రాడార్ల కంటే ఒడ్డుకు దగ్గరగా కొలవగలదు. గట్టి వాన పడితే మాత్రం మొరాయిస్తుంది. ఆ లైట్లు కాస్త తగ్గించండి బాబూ, బంగాళాఖాతం మీద అది తిరిగిన దారులు చూపిస్తాను. వానాకాలంలో ఖాళీలు ఎక్కడున్నాయో మీరే వెతకండి.