డెక్ మీద మంచు భారం: గోడ పక్కన చేరే పోగును లెక్కించడం

నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, రాయగడలలో ఇంటి నుండే అమెరికా ఇళ్ల డ్రాయింగులు గీస్తున్న మన డిప్లొమా మిత్రుల కోసం ఈ వీడియో చేస్తున్నాను. 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌ను, 2018లో గజపతి జిల్లాను ముంచిన తిత్లీని చూసిన మనకు, కప్పు అనగానే దానిని పైకి లేపే గాలే మనసులో మెదులుతుంది. కానీ అమెరికా ఇళ్లకు డెక్, అంటే గోడను ఆనుకొని బయట కట్టే చెక్క వేదిక ఉంటుంది. దాని మీద పడే మంచు కిందికి నొక్కుతుంది, అది కూడా అంతటా సమానంగా నొక్కదు.

ఇదిగో, లెక్కల షీటు (స్ప్రెడ్‌షీట్) చూడండి. లెక్క ఏఎస్‌సీఈ 7-16 ప్రకారం, అంటే కట్టడాల మీది భారాలకు అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం ప్రమాణం ప్రకారం. నేల మీది మంచు చదరపు అడుగుకు 40 పౌన్లు, దానికి 0.7 గుణకం, గాలి తాకిడికీ భవనం ప్రాముఖ్యానికీ వేసే గుణకాలు 1, ఇవి మీకు తెలిసినవే. ఉష్ణ గుణకం మాత్రం 1.2 వేయండి, ఎందుకంటే డెక్ కింద వెచ్చని గది లేదు. అన్నీ గుణిస్తే డెక్ మీద చదరపు అడుగుకు 33.6 పౌన్లు వచ్చింది. మంచు సాంద్రత ఘనపుటడుగుకు 19.2 పౌన్లు, ఈ పక్క గడిలో ఉంది.

ఇక్కడ ఆగుదాం. చాలామంది ఆ 33.6తోనే జాయిస్టులు, అంటే డెక్ పలకలను మోసే అడ్డదూలాలు, ఎంచుకుంటారు. కానీ గాలి పై కప్పు మీది మంచును ఊడ్చుకొచ్చి, గోడను ఆనుకొని ఉన్న డెక్ మీద పోస్తుంది. ఆ పోగు ఎత్తుకు సూత్రం ఇది: పై కప్పు పొడవు ఘనమూలాన్ని, నేల మంచుకు 10 కలిపిన మొత్తపు నాలుగవ మూలాన్ని, 0.43ను గుణించి, 1.5 తీసివేయాలి. మూలాలు రాసేటప్పుడు 1/3, 1/4లను తప్పక బ్రాకెట్లలో పెట్టండి. బ్రాకెట్లు తీసేసి చూపిస్తాను, చూడండి, 30 అడుగుల కప్పుకు 52 అడుగుల పోగు వచ్చింది. షీటు ఏ హెచ్చరికా ఇవ్వలేదు, కాబట్టి మనమే పట్టుకోవాలి. బ్రాకెట్లు తిరిగి పెడితే 2.05 అడుగులు. నేనైతే గడులకు పేర్లు పెట్టుకుంటాను, అప్పుడు సూత్రం చదువుతూనే సరిచూసుకోవచ్చు.

దీనిని సాంద్రతతో గుణిస్తే 39.4. దానికి ముందటి 33.6 కలిపితే గోడ పక్కన మొత్తం చదరపు అడుగుకు 73 పౌన్లు, అక్కడి నుండి పోగు తగ్గుతూ 8.2 అడుగుల దగ్గర సున్నా అవుతుంది.

ఇప్పుడు 10 అడుగుల జాయిస్టు తీసుకోండి. గోడకు బిగించే లెడ్జర్ పలక మీద, సమాన భారంతో అడుగు పొడవుకు 168 పౌన్లు పడేవి, పోగుతో కలిపితే 285 పడుతున్నాయి. 40 పౌన్ల లైవ్ లోడ్‌తో, అంటే మనుషులు, సామాన్ల భారంతో లెక్కిస్తే అక్కడ 200 మాత్రమే వస్తుంది, కనుక ఆ లోడ్‌కు వేసిన పట్టికలోని బోల్టుల దూరం ఇక్కడ చాలదు, బోల్టులను దగ్గరగా వేయాలి. పలకను ఊడివచ్చే దిశలో లాగుడు పడే మేకులతో మాత్రం ఎన్నడూ బిగించకండి. డ్రాయింగులో బోల్టు వ్యాసం, దూరం, వరుసల సంఖ్య మూడింటినీ రాయండి, ఎందుకంటే అక్కడి వడ్రంగి చేతిలో ఉండేది మీ కాగితమే.