ఇంగ్లాండ్ చెస్ ఛాంపియన్ మనోడే

అందరికీ నమస్కారం అండీ. ఈ రోజు చదరంగం గురించి మాట్లాడుకుందాం. భయపడకండి, ఆట రానివాళ్ళు కూడా హాయిగా వినొచ్చు, ఎత్తులూ పైఎత్తులూ అంటూ మీ బుర్ర తినను.

ముందు మా తాతయ్య సంగతి ఒకటి చెప్పాలి. ఆయన ఆడే చదరంగం వేరు, మేం స్కూల్లో నేర్చుకున్న చెస్ వేరు. ఆయన లెక్కలో బంటు ఎప్పుడైనా సరే ఒక్క గడే నడవాలి, మొదటి ఎత్తుకి రెండు గళ్ళు దూకడం లాంటివి కుదరవు. కోట కట్టడం, అంటే రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరపడం కూడా లేదు, దానికి బదులు రాజు ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి గుర్రంలాగా దూకొచ్చు. బంటు అవతలి చివరికి వెళ్తే మేం ఠక్కున మంత్రి కావాలనేవాళ్ళం, ఆయనేమో కళ్ళజోడు పైకి తోసుకుని "ఏ గళ్ళోకి చేరిందిరా? ఏనుగు గడేగా? అయితే ఏనుగే తీస్కో" అనేవారు. తొండి తొండి అని గోల చేసేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, అది తొండి కాదు, మన దేశంలో తరతరాలుగా ఆడుతూ వచ్చిన ఆటే అలాంటిదని, యూరప్ వాళ్ళు మార్చుకున్న రూల్స్‌ని మేం స్కూల్లో నేర్చుకుని తాతయ్యకి పాఠాలు చెప్పబోయామని.

ఈ రూల్స్ గొడవ ఎందుకు ఎత్తానంటే, సరిగ్గా మా తాతయ్య లాంటి ఆట ఆడుతూ పెరిగిన ఒక పంజాబీ కుర్రాడు 1929లో ఇంగ్లాండ్ వెళ్ళి, వెళ్ళిన కొన్ని నెలల్లోనే బ్రిటిష్ చెస్ ఛాంపియన్ అయ్యాడు. బ్రిటన్ దేశానికి జాతీయ ఛాంపియన్ అండీ, ఏదో క్లబ్ కప్పు కాదు. ఆయన పేరు మీర్ సుల్తాన్ ఖాన్.

ఊరు మిఠా తివానా, అప్పటి సర్గోధా ప్రాంతం, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తొమ్మిదేళ్ళప్పుడు నాన్న దగ్గర ఆట నేర్చుకున్నాడు, మన దేశవాళీ ఆటే. ఇరవై దాటేసరికి ఆ చుట్టుపక్కల ఆయన్ని ఓడించేవాడు లేడు. ఆ ప్రాంతంలోనే సర్ ఉమర్ హయాత్ ఖాన్ అని పెద్ద జమీందారు, బ్రిటిష్ వాళ్ళకి బాగా కావలసినవాడు, ఆయనకి చెస్ అంటే పిచ్చి. ఈ కుర్రాడిని తన ఇంట్లో పెట్టుకుని యూరప్ రూల్స్ నేర్పించాడు. 1928లో ఆల్ ఇండియా పోటీ పెడితే సుల్తాన్ ఖాన్ తొమ్మిది ఆటలు ఆడి ఎనిమిది గెలిచాడు, ఒకటి డ్రా. ఇంకేముంది, మరుసటి ఏడాది జమీందారు గారు లండన్ వెళ్తూ ఈయన్ని కూడా వెంట తీసుకెళ్ళాడు.

ఇక్కడ కాస్త ఆగి ఆయనకి ఎంత కష్టమో చెప్పాలి, ఎందుకంటే ఇది ఆట ఆడనివాళ్ళకి కూడా అర్థమయ్యే విషయమే. మన పాత ఆటలో బంట్లు ఒక్కో గడే జరుగుతాయి కాబట్టి ఇద్దరూ నింపాదిగా తమ ఇల్లు తాము సర్దుకుంటారు, అసలు కొట్లాట చాలాసేపటికి గానీ మొదలవదు. యూరప్ ఆటలో అలా కాదు, రెండు గళ్ళ దూకుడు వల్ల మూడో నాలుగో ఎత్తుకే సైన్యాలు ముఖాముఖి అయిపోతాయి, అందుకని మొదటి పది పదిహేను ఎత్తుల మీదే పుస్తకాలకి పుస్తకాలు రాసి పెట్టుకున్నారు వాళ్ళు. అవి కంఠతా రాకపోతే మంచి ఆటగాడు కూడా పావుగంటలో మునిగిపోతాడు. సుల్తాన్ ఖాన్ ఆ పుస్తకాల మొహం చూడలేదు. అంటే ఆయన ప్రతి ఆటా కొంచెం వెనకబడి మొదలుపెట్టాల్సిందే. మధ్యలో నెమ్మదిగా పుంజుకుని, చివర్లో ఐదారు పావులు మిగిలిన దశకి వచ్చేసరికి మాత్రం ఎదుటివాడికి ఊపిరి ఆడేది కాదు. చాలామంది ఆటగాళ్ళు ఆ చివరి దశ అంటే విసుక్కుంటారు (నేనూ అంతే లెండి), ఈయన మాత్రం ఎన్ని గంటలైనా మొహంలో ఏమీ కనపడనీయకుండా అలా కూర్చునేవాడట, తలపాగా పెట్టుకుని.

బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ అనేది 1904లో మొదలైంది. ప్రతి వేసవిలో ఒక్కో ఊళ్ళో, ఎక్కువగా సముద్రం ఒడ్డున ఉండే ఊళ్ళలో పెట్టేవాళ్ళు, ప్రధాన పోటీలో పన్నెండుమంది, ప్రతి ఒక్కరూ మిగతా పదకొండుమందితో ఆడాలి. రెండు వారాల పని. రెండు ప్రపంచయుద్ధాల మధ్య కాలంలో ఆ టైటిల్ ఎక్కువసార్లు కొట్టినవాడు ఫ్రెడ్ యేట్స్. ఆ యేట్స్, విలియం వింటర్ అనే ఇంకో ఆటగాడు కలిసి మనోడికి కాస్త ట్రైనింగ్ ఇచ్చారు, దాని కోసం పెట్టిన చిన్న టోర్నమెంట్‌లో సుల్తాన్ ఖాన్ ఆట చూసినవాళ్ళకి ఈయన గెలుస్తాడన్న ఆశ పెద్దగా కలిగి ఉండదు, అంత పేలవంగా ఆడాడు. అలాంటిది ఆ వేసవిలోనే రామ్స్‌గేట్ అనే ఊళ్ళో పోటీ జరిగితే ఛాంపియన్ అయి కూర్చున్నాడు.

మరి ఇండియా వాడిని బ్రిటన్ జాతీయ పోటీలో ఎలా ఆడనిచ్చారు అని మీకు డౌట్ రావాలి, నాకూ వచ్చింది. జవాబు చాలా సింపుల్, మనం అప్పుడు వాళ్ళ సామ్రాజ్యంలో ప్రజలం. రాజుగారి ప్రజ అయితే చాలు, ఆడొచ్చు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది వినండి. అదే రోజుల్లో ఇంగ్లాండ్‌లోని హేస్టింగ్స్‌లో వేరా మెంచిక్ అని ఒక అమ్మాయి ఉండేది. మాస్కోలో పుట్టింది, నాన్న చెక్ దేశస్థుడు, అమ్మ ఇంగ్లీషావిడ. 1927లో మొట్టమొదటి మహిళా ప్రపంచ ఛాంపియన్ అయ్యింది, పేరున్న మగవాళ్ళని చాలామందిని ఓడించింది, ఆ లిస్టులో మన సుల్తాన్ ఖాన్ కూడా ఉన్నాడు. కానీ బ్రిటిష్ మహిళల ఛాంపియన్‌షిప్‌లో ఆవిడకి చోటు లేదు, ఎందుకంటే బ్రిటిష్ పౌరురాలు కాదు. ఏళ్ళ తరబడి ఆ దేశంలో ఉండి, ఆ వీధుల్లో తిరిగి, ప్రపంచాన్ని గెలిచిన మనిషి పరాయిది, సర్గోధా నుంచి ఓడ దిగిన మనిషి సొంతవాడు. సామ్రాజ్యం లెక్కలు అలా ఉండేవి.

సొంతవాడు అంటే ఎంత సొంతవాడో కూడా చూద్దాం. 1930లో హాంబర్గ్, 31లో ప్రాగ్, 33లో ఫోక్‌స్టన్, దేశాల జట్లు తలపడే మూడు చెస్ ఒలింపియాడ్లలో సుల్తాన్ ఖాన్ ఇంగ్లాండ్ జట్టుకి మొదటి బోర్డు మీద ఆడాడు. మొదటి బోర్డు అంటే జట్టులో అందరికంటే గట్టివాడు కూర్చునే కుర్చీ. ఇక్కడ ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు, లాఠీలు, అక్కడ ఇంగ్లాండ్ పేరు నిలబెడుతున్నది ఒక పంజాబీ. ప్రాగ్‌లో రూబిన్‌స్టైన్‌ని, ఫ్లోర్‌ని ఓడించాడు, ఇద్దరూ అప్పట్లో పేరుమోసిన ఆటగాళ్ళే, అప్పటి ప్రపంచ ఛాంపియన్ అలేఖిన్‌తో డ్రా చేశాడు. టార్టకోవర్ అనే ఇంకో మేటి ఆటగాడితో విడిగా మ్యాచ్ ఆడి గెలిచాడు.

అన్నిటికంటే పెద్దది 1930 డిసెంబర్ చివర్లో మొదలైన హేస్టింగ్స్ టోర్నమెంట్‌లో కాపాబ్లాంకా మీద గెలుపు. కాపాబ్లాంకా అంటే 1921 నుంచి 27 దాకా ప్రపంచ ఛాంపియన్, ఓడడం అనేది ఆయనకి దాదాపు అలవాటు లేని పని. 65 ఎత్తులు నడిచింది ఆ ఆట. మెరుపులేమీ లేవు అందులో, రోకలితో దంచినట్టు నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ అదే చోట నొక్కుతూ పోయాడు, చివరికి కాపాబ్లాంకా చేతులెత్తేశాడు. ఆ కాపాబ్లాంకానే తర్వాత ఈయన ప్రతిభ అసాధారణమని మెచ్చుకున్నాడు.

భాష కూడా సమస్యే పాపం. ఆస్ట్రియా ఆటగాడు కమోక్‌తో ఆడుతున్నప్పుడు జరిగింది ఇది, వింటర్ చెప్పిన ముచ్చట. కమోక్ డ్రా చేసుకుందామా అని మూడుసార్లు అడిగాడట, మూడుసార్లూ ఈయన చిరునవ్వే తప్ప మాట లేదు. ఒళ్ళు మండి కమోక్ వింటర్ వైపు తిరిగి మీ ఛాంపియన్ ఏ భాష మాట్లాడతాడయ్యా అని అడిగితే, వింటర్ "చెస్" అన్నాడట. ఇంకొన్ని ఎత్తులు అయ్యేసరికి కమోక్ ఓటమి ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇదంతా ఒక ఎత్తు, ఆ ఊళ్ళ చలి ఒక ఎత్తు. మలేరియా తిరగబెట్టేది, జలుబు, ఫ్లూ, గొంతునొప్పి ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. మెడ చుట్టూ గుడ్డ కట్టుకుని బోర్డు ముందు కూర్చునేవాడు. రెండు వారాలు రోజూ గంటలకొద్దీ ఆడే పోటీల్లో గొంతు వాచి మింగుడు పడని మనిషి ఎలా ఆలోచించగలిగాడో నాకైతే అర్థం కాదు, నాకు తుమ్ములు మొదలైతే టీవీ రిమోట్ కూడా దొరకదు.

ఆయన జమీందారు ఇంట్లో ఏ హోదాలో ఉండేవాడు అన్నదానికి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. 1933 ఒలింపియాడ్ గెలిచిన అమెరికా జట్టుని సర్ ఉమర్ లండన్‌లో తన ఇంటికి భోజనానికి పిలిచాడు. మామూలుగా నేను నా గ్రేహౌండ్ కుక్కలతో తప్ప ఎవరితోనూ మాట్లాడను, మీకిది గొప్ప గౌరవం అని స్వాగతం పలికాడట. అది సరే, భోజనాలకి కూర్చున్నాక వడ్డించడానికి వచ్చింది ఎవరయ్యా అంటే సుల్తాన్ ఖాన్. అంత గొప్ప ఆటగాడి చేత వడ్డన చేయించుకుంటూ ఎలా తినాలో తెలీక ఇబ్బంది పడ్డామని జట్టులోని రూబెన్ ఫైన్ రాసుకున్నాడు. అయితే సుల్తాన్ ఖాన్ కుటుంబం వాళ్ళు ఈ నౌకరు కథని ఒప్పుకోరు, చదువు రాదన్న మాటని కూడా ఒప్పుకోరు. పాశ్చాత్యులు తమకి నచ్చినట్టు అల్లుకున్నారని వాళ్ళ కోపం. నాకేమనిపిస్తుందంటే, రాసినవాళ్ళందరూ అటువైపు వాళ్ళే, ఆయన తన నోటితో చెప్పుకున్నది మనకి మిగల్లేదు, కాబట్టి ఆ కోపంలో న్యాయం ఉంది.

1931లో టైటిల్ యేట్స్‌కి పోయింది. 1932లో లండన్‌లో సుల్తాన్ ఖాన్ మళ్ళీ గెలిచాడు, 1933లో హేస్టింగ్స్‌లో మూడోసారి. ఆ హేస్టింగ్స్ పోటీల్లోనే ఇంకో విశేషం జరిగింది, నిజానికి ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది దీని గురించే, ఇక్కడికి రావడానికి ఇంత సేపు పట్టింది.

సర్ ఉమర్ ఇంట్లోనే పనిచేసే ఒక అమ్మాయి ఉంది, పేరు ఫాతిమా. పోటీ పట్టికల్లో మిస్ ఫాతిమా అని వేస్తారు. ముందు ఏడాది మహిళల ఛాంపియన్‌షిప్‌లో ఆడితే ఆరో స్థానం వచ్చింది. 1933లో పదకొండు ఆటలు, పది గెలుపులు, ఒక డ్రా, ఓటమి సున్నా. రెండో స్థానంలో ఉన్నావిడ మూడు పాయింట్లు వెనక. పన్నెండుమంది ఆడే పోటీలో మూడు పాయింట్ల తేడా అంటే పరుగు పందెంలో మొదటి మనిషి గీత దాటి మంచినీళ్ళు తాగి చెప్పులేసుకునేటప్పటికి రెండో మనిషి వచ్చినట్టు. అలా ఒకే వేసవి, ఒకే ఊరు, బ్రిటన్ పురుషుల ఛాంపియన్, మహిళల ఛాంపియన్ ఇద్దరూ పంజాబ్ నుంచి వచ్చిన ఒకే ఇంటి మనుషులు. ఊరు కూడా మెంచిక్‌కి సొంత ఊరులాంటి హేస్టింగ్స్, ఆవిడకి మాత్రం ఆ పోటీలో కుర్చీ లేదు.

ఆ ఏడాది చివరికి సర్ ఉమర్ ఇండియాకి తిరిగొచ్చేశాడు, వెంట వీళ్ళు కూడా. అంతే, అయిపోయింది. ఇక్కడికొచ్చాక సుల్తాన్ ఖాన్ 1935లో ఖాదిల్కర్ అనే ఆటగాడితో పది ఆటల మ్యాచ్ ఆడి ఒక్కటి డ్రా చేసి మిగతావన్నీ గెలిచాడు, ఆ తర్వాత పెద్ద పోటీల్లో మళ్ళీ కనపడలేదు. అయ్యో అనిపిస్తుంది కదా. కానీ ఫాతిమా ముసలితనంలో ఒక డాక్యుమెంటరీ వాళ్ళతో చెప్పింది ఏమిటంటే, ఇండియాకి తిరిగొచ్చినప్పుడు ఆయనకి జైలు నుంచి విడుదలైనట్టు అనిపించిందట. మనం ఇక్కడ కూర్చుని ఆయన కోసం బాధపడుతున్నాం, ఆయనేమో హమ్మయ్య అనుకున్నాడు. సొంత ఊరి దగ్గర పొలం చూసుకుంటూ బతికాడు. పిల్లలకి చెస్ నేర్పమంటే నేర్పలేదు, ఇంకేదైనా పనికొచ్చేది చేసుకోండి అన్నాడని ఆయన కొడుకే చెప్పాడు.

1950లో ఫిడే, అంటే ప్రపంచ చెస్ సంస్థ, తొలిసారిగా గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ఇచ్చింది, మొత్తం 27 మందికి. పాతకాలం వాళ్ళని కూడా గుర్తు పెట్టుకుని మరీ ఇచ్చారు. ఆ లిస్టులో రూబిన్‌స్టైన్ ఉన్నాడు, ఫ్లోర్ ఉన్నాడు, టార్టకోవర్ ఉన్నాడు. ఈ ముగ్గురినీ ఓడించినవాడు లేడు. అప్పటికి ఆయన బతికే ఉన్నాడండీ, 1966 దాకా ఉన్నాడు, క్షయతో పోయాడు. 2024 ఫిబ్రవరిలో గౌరవ గ్రాండ్‌మాస్టర్ అని పట్టా ఇచ్చారు, దాన్ని అప్పటి పాకిస్తాన్ ప్రధానమంత్రి చేతిలో పెట్టారు. పోయిన 58 ఏళ్ళకి.

సామ్రాజ్యం పోయినా ఆ బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ తలుపులు మాత్రం కామన్వెల్త్ పేరుతో మనవాళ్ళకి చాలాకాలం తెరిచే ఉంచారు. 2000లో స్ట్రీట్ అనే ఊళ్ళో (ఊరి పేరే స్ట్రీట్, నేను కల్పించింది కాదు) బ్రిటిష్ మహిళల టైటిల్ గెలిచింది మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, అప్పటికి ఆ పిల్లకి పదమూడేళ్ళు. 2002లో టార్కీలో మళ్ళీ తనే, ఆడామగా ఎవరైనా ఆడే ఓపెన్ టైటిల్ కూడా ఆ ఏడాది మన రమేష్‌దే. మరుసటి ఏడాది ఆ ఓపెన్ టైటిల్ అభిజిత్ కుంటే అనే ఇంకో మనవాడిది. వరసగా ఇలా అయ్యేసరికి వాళ్ళకి చాలనిపించినట్టుంది, 2004 నుంచి మనవాళ్ళకి ఆ టైటిల్ తలుపు మూసేశారు.

ఆ మహిళా ఛాంపియన్ల పట్టిక ఎప్పుడైనా మీ కంట పడితే ఒక్కసారి పైనుంచి కిందికి చూడండి. ఇంగ్లీషు పేర్లు వరసగా వస్తూ ఉంటాయి, 1933 దగ్గర ఇంటిపేరు కూడా లేకుండా ఒట్టి మిస్ ఫాతిమా. అక్కణ్ణుంచి చాలా కిందికి వస్తే, 2000 దగ్గర, కోనేరు హంపి, ఇంటిపేరుతో సహా.

ఉంటానండీ, నమస్కారం.