మీ పిట్టగోడ స్లాబు మీద ఊరికే కూర్చుంది!

టాప్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్ళు వీడియో ఆపి, ఒక్కసారి పైకెళ్ళి పిట్టగోడని చూసి రండి. చూశారా? ఆ గోడకి మీ బిల్డింగుతో చుట్టరికమే లేదు. ఊరికే కూర్చుంది, అంతే.

2024 డిసెంబర్ 4న పొద్దున్నే ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలితే ఇక్కడ హైదరాబాద్‌లో మంచాలు ఊగాయి. అప్పట్నుంచీ ఒకటే పాట: "మనది భూకంపాల ముప్పు తక్కువున్న జోన్ 2, కిందంతా గట్టి రాయి, మనకేం కాదు." కింద రాయి సరే బాబూ, పైన గోడ సంగతేంటి?

మా అపార్ట్‌మెంటు కూకట్‌పల్లిలో. మా బెడ్రూం మూలలో మూడేళ్ళుగా చెమ్మ. ఏటా మే నెలలో ఎవరో ఒకరొచ్చి తెల్ల కెమికల్ కలిపి స్లాబంతా పూసి, డబ్బులు పట్టుకెళ్తారు. ఆగస్టుకి మళ్ళీ పెచ్చులు! మొన్న నేనే మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. గోడా స్లాబూ కలిసేచోట సన్నటి గీత. మెట్రో కార్డు దూరిస్తే సగం లోపలికి పోయింది!

నాలుగంగుళాల ఇటుక గోడ, మూడడుగుల ఎత్తు, కింద ఒక్క చువ్వ లేదు. ఎండకి స్లాబు సాగుతుంది, గోడ దారి గోడది. అతుకు విడుతుంది. అందులోంచి వాన నీళ్ళు బీములోకి దిగి చువ్వలకి తుప్పు. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. ఇక భూమి ఊగిందనుకోండి. ఊపు కింద కంటే పైన ఎక్కువ. పట్టులేని గోడ రోడ్డు మీదకే! అప్పుడు కింద ఉండేది ఎవరు? భయపడి బయటికి పరుగెత్తుకొచ్చినవాళ్ళే.

అందుకే నా సిద్ధాంతం: లీకేజీ, భూకంపం రెండూ ఒకటే జబ్బు. చెమ్మ దిగిన చోటే గోడ విరుగుతుంది. ఇంజినీర్లు తిట్టినా సరే, నేనిదే అంటాను.

మరి మందేంటి? స్లాబుతోపాటే, పిట్టగోడ వచ్చేచోట ఆరంగుళాల కాంక్రీటు గట్టు పోయాలి, నీళ్ళు నిలిచే ఎత్తులో అతుకే ఉండదు. చువ్వలు పైకి వదిలి పిట్టగోడలో చిన్న స్తంభాలు, పైన కాంక్రీటు పట్టీ. గోడా స్లాబూ కలిసే మూలని ఏటవాలుగా మలిచి, నీళ్ళు దిగకుండా పరిచే మెంబ్రేన్ షీటుని గోడ మీదకి ఎక్కించి, గోడలో కోసిన గాడిలో దోపాలి. బిగలాగి అంటిస్తే మొదటి ఊపుకే చిరుగుతుంది.

ఇంకో ఘోరం వినండి. మా రెండు బ్లాకుల మధ్య సందు కారుతోందని దాన్నిండా సిమెంటు కూరారు! విడివిడిగా ఊగడానికి వదిలిన సందు అయ్యా అది! పైన రేకు కప్పి ఒక్కవైపే బిగిస్తే సరిపోయేది.

మీటింగులో బిల్డరు, "పదేళ్ళయింది, పడిందా సార్?" అన్నాడు. ఆ మాటేదో పిట్టగోడకి ఆనుకుని అనమన్నాను. ఆనుకోలేదు.

మీ కార్డు ఎంత లోపలికి పోయిందో కామెంట్లో పెట్టండి.