చేబదులు తెచ్చుకున్న సాయంత్రం

(విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన అధ్యాపకుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగం)

మిత్రులందరికీ నమస్కారం.

నాకు అప్పగించిన అంశం తరగతి వేళల బయట పెట్టే పరీక్షలు, వాటి నియమాలు. వినగానే ఆవలింత వచ్చే అంశమని నాకూ తెలుసు. దాన్ని భోజనం తరువాత పెట్టారంటేనే టైమ్‌టేబుల్ వేయడం ఎంత కష్టమో మీకు అర్థమై ఉంటుంది. నియమాల పుస్తకం మీ సంచుల్లోనే ఉంది కనుక చదివి వినిపించను. పరీక్షల కమిటీలో చాలా ఏళ్లు కూర్చున్నాను. ఆ పుస్తకంలో ఏ వాక్యం చూసినా, ఎవరో ఒక విద్యార్థి మా గది గుమ్మంలో నిలబడిన రోజు గుర్తొస్తుంది. ఆ రోజుల గురించి చెబుతాను.

ముందుగా, అసలు సాయంత్రం పరీక్ష ఎందుకు పెడతాం? 600 మంది చదివే ఒక పాఠ్యాంశం, పది సెక్షన్లు. ఎవరి క్లాసులో వాళ్లకు పరీక్ష పెడితే పొద్దున రాసినవాళ్ల నోటి నుంచి ప్రశ్నలు మధ్యాహ్నానికల్లా ఆవరణంతా తిరుగుతాయి. పోనీ, పది ప్రశ్నపత్రాలు తయారు చేద్దామంటే పదింటినీ ఒకే బరువులో తూచగల అధ్యాపకుణ్ని నేనింతవరకు చూడలేదు. పైగా తరగతి నిడివి 50 నిమిషాలు. కాగితాలు పంచి, మళ్లీ తీసుకునేసరికి రాయడానికి మిగిలేది 40. అందుకని అందరికీ ఒకేసారి పరీక్ష కావాలి.

పగలే ఒక గంట వెతకవచ్చు కదా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. లెక్క చూద్దాం. వారానికి 40 పగటి గంటలు, ఒక్కో విద్యార్థికి అందులో 15 గంటల తరగతులు అనుకోండి. ఏదో ఒక గంట మీద వేలు పెడితే, ఆ గంటలో ఒక విద్యార్థికి తీరిక ఉండే అవకాశం 40లో 25. ఫరవాలేదనిపిస్తుంది. ఒకరి టైమ్‌టేబుల్‌కు మరొకరిదానితో సంబంధం లేదనుకుంటే, 20 మందికి ఒకేసారి తీరిక ఉండే అవకాశం సుమారు 12,000లో ఒకటి. 600 మంది సంగతి వదిలేద్దాం.

ఈ చిక్కుముడి గణితజ్ఞులకు పాత పరిచయమే. ఒక్కో పాఠ్యాంశానికి ఒక చుక్క పెట్టి, ఏ రెండింటినైనా ఒకే విద్యార్థి చదువుతుంటే వాటి మధ్య గీత గీయండి. గీత ఉన్న రెండు చుక్కలకు ఒకే రంగు పడకూడదు. ఇక్కడ రంగు అంటే పరీక్ష వేళ. ఎక్కువ గీతలున్న చుక్కతో మొదలుపెట్టి రంగులు వేసుకుంటూ పోయే పద్ధతిని వెల్ష్, పావెల్ అనే ఇద్దరు 1967లో ప్రచురించారు. వాళ్ల వ్యాసం శీర్షికలోనే టైమ్‌టేబుల్ ప్రస్తావన ఉంది. కనీసం ఎన్ని రంగులు చాలునో తేల్చడం ఎంత కష్టమో 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త రిచర్డ్ కార్ప్ చూపించారు. ఇలాంటి ఏ చుక్కల పటానికైనా దాన్ని త్వరగా తేల్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. కనుక మా కమిటీ వేసిన పట్టికలో తప్పులు కనిపిస్తే కాస్త జాలి పడండి.

ఇక అసలు విషయానికి వస్తాను. విద్యార్థి మీ పాఠ్యాంశంలో పేరు నమోదు చేసుకున్నప్పుడు, టైమ్‌టేబుల్‌లో అచ్చయిన గంటలను మీకు అప్పగించాడు. మిగిలిన గంటలు అతనివి. సాయంత్రం పరీక్ష పెట్టినప్పుడు ఆ మిగిలిన వాటిలోంచి రెండు గంటలు మీరు చేబదులు తీసుకుంటున్నారు. చేబదులుకు పత్రం ఉండదు, వడ్డీ ఉండదు. మర్యాద మాత్రం ఉంటుంది. ముందుగా అడగాలి, మాట ప్రకారం తిరిగి ఇవ్వాలి. నియమాల పుస్తకంలో సగం ఈ మర్యాదను కాగితం మీద పెట్టినదే.

ముందుగా అంటే ఎప్పుడు? తొలి క్లాసులో పాఠ్య ప్రణాళిక పంచినప్పుడు అనుకుంటే పొరపాటు. అప్పటికి విద్యార్థి సాయంత్రం ఉద్యోగం కుదుర్చుకుని ఉంటాడు, లేదా పసిబిడ్డను చూసుకునే వంతు ఇంట్లో పంచుకుని ఉంటాడు. పేర్లు నమోదు చేసుకునే రోజుకే, తరగతి వేళల పక్కనే పరీక్ష తేదీ, వేళ కనిపించాలి. 'తరువాత ప్రకటిస్తాం' అని రాసేవాళ్లున్నారు. చేబదులు ఇవ్వు, ఎంతో తరువాత చెబుతాను అన్నట్టుంటుంది.

ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ప్రతి మంగళవారం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆమెకు ప్రయోగశాల. అదే మంగళవారం ఏడింటికి మరో పాఠ్యాంశంలో పరీక్ష ప్రకటించారు. ఆ అధ్యాపకుడు ల్యాబ్ ఒక్కరోజు మానేస్తే కొంప మునగదు అన్నాడు. ల్యాబ్ చూసేవాడు పరీక్షే మళ్లీ పెట్టించుకోమన్నాడు. రెండు భవనాల మధ్య మూడుసార్లు తిరిగి, నాలుగోసారి మా దగ్గరికి వచ్చింది. చేతిలో రెండు చీటీలు. ఒక చీటీ మీద 'వారిని అడగండి' అని ఉంది. రెండోదాని మీదా అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది! ఆ చీటీలను నేను చాలాకాలం సొరుగులో దాచుకున్నాను. తగవు తీర్చడం నిజానికి కష్టం కాదు. టైమ్‌టేబుల్‌లో ముందే ఉన్న తరగతిదే పైచేయి. దారి చూపాల్సినది చేబదులు అడిగినవాడు. ఆ దారి పేరే ప్రత్యామ్నాయ పరీక్ష. అది అదే పాఠాలపై, అదే కష్టస్థాయిలో ఉండాలి. అందరూ రాతపరీక్ష రాస్తే ఈమెను మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి నోటి ప్రశ్నలు వేయడం శిక్షే అవుతుంది.

ఇప్పుడు మాటల కూర్పు గురించి ఒక సంగతి. మా పాత నియమం 'ఒకే రోజు మూడు పరీక్షలు ఉండరాదు' అనేది. చదవడానికి బాగానే ఉంది. మంగళవారం రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఒకటి, బుధవారం ఉదయం ఎనిమిదికి ఒకటి, మధ్యాహ్నం ఒంటిగంటకు మరొకటి. పంచాంగం ప్రకారం మంగళవారం ఒకటి, బుధవారం రెండు, కాబట్టి నియమం నెరవేరింది. మొదటిదానికీ రెండోదానికీ మధ్య పదకొండు గంటలు, అందులోనే ఇంటికి వెళ్లడం, తిండి, నిద్ర. ఇప్పుడు 'ఏ 24 గంటల్లోనైనా' అని మార్చాం. మూడు పడినప్పుడు ఏ పరీక్షను మరో వేళకు మార్చాలో కూడా రాశాం. చివరగా ప్రకటించిన పరీక్షే మారాలి. ఆ మాట రాయనంతకాలం ముగ్గురు అధ్యాపకులూ మిగతా ఇద్దరినీ చూపించేవారు.

వైకల్యం వల్లనో అనారోగ్యం వల్లనో పరీక్షలో అదనపు సమయం పొందే విద్యార్థుల విషయం మీకు తరచూ ఎదురవుతుంది. ఏడింటికి మొదలైన రెండు గంటల పరీక్ష తొమ్మిదికి అయిపోతుంది. ఒకటిన్నర రెట్లు సమయం ఉన్నవాళ్లకు పది అవుతుంది, రెట్టింపు ఉన్నవాళ్లకు పదకొండు. వాళ్లకు ముందే మొదలుపెడదామంటే ఐదింటికి వాళ్లకు క్లాసు ఉండవచ్చు. అలసట వల్లనో మందుల వల్లనో రాత్రి పొద్దుపోయాక రాయలేని వాళ్లకైతే ఆ అదనపు గంట కాగితం మీదే ఉంటుంది. దీనికి ఒకే మందు లేదు. ఒక్కొక్కరినీ పిలిచి అడగాలి, అవసరమైతే మరుసటి ఉదయం వేరుగా రాయించాలి. పని పెరుగుతుంది, నిజమే.

మతాచారాల మాట క్లుప్తంగా. యూదులు పని మానే సబ్బాతు దినం శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం చీకటి పడే దాకా ఉంటుంది. శనివారం పగలు ఖాళీయే కదా అనుకునేవారికి ఇది గుర్తుండదు. రంజాన్ మాసం ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది కాబట్టి, నిరుడు ఇబ్బంది లేని వేళ ఈ ఏడు ఉపవాసం విడిచే వేళ మీద పడవచ్చు.

సాయంత్రానికి గట్టి కంచె కట్టినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో సోమవారం నుంచి గురువారం దాకా 4:30, 7:30 మధ్య డిగ్రీ విద్యార్థులకు తరగతులు పెట్టకూడదు. ఆ సమయం ఆటలకు, సంఘాలకు, భోజనానికి. సాయంత్రం పరీక్షలు మామూలుగా 7:30 తరువాతే. పరీక్ష ఆలస్యంగా ముగుస్తుందని నాకు కొంత అభ్యంతరం ఉన్నా, ఆ మూడు గంటలు ఎవరివో వివాదం లేకపోవడం నాకు నచ్చింది.

చేబదులు తీర్చడం మనవాళ్లు తరచూ మరిచిపోయే పని. రెండు గంటలు తీసుకుంటే తరువాతి వారంలోపు రెండు తరగతులు వదిలేయాలి. సిలబస్ పూర్తికాలేదు అంటారు. సిలబస్ ఎప్పుడూ పూర్తికాదు, ఆ సంగతి ఇక్కడున్న సీనియర్లకు తెలుసు. కావాలంటే ఆ గంటలో గదిలో కూర్చుని, వచ్చినవాళ్ల సందేహాలు తీర్చండి, హాజరు మాత్రం వేయకండి.

మీ సంచిలో లేతపచ్చ ఫారం ఒకటి ఉంటుంది. సాయంత్రం పరీక్ష కావాలనుకునేవారు తేదీ, వేళ, సీట్ల సంఖ్య రాయాలి. చివరి గడిలో 'బదులుగా రద్దు చేసే తరగతులు' అని ఉంటుంది. కిందటి సెమిస్టర్‌లో నేను కూడా ఆ గడి ఖాళీగా వదిలి పంపాను, మా గుమాస్తా ఎర్రసిరాతో చుట్టి నాకే తిప్పి పంపింది. మీవి శుక్రవారం ఐదింటిలోపు ఆమె బల్ల మీదకు చేరాలి. ఇక ప్రశ్నలు అడగండి.