తెల్లారడం గురించి నాలుగు మాటలు
(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఉషోదయం అనగానే ఆశ, కొత్త జీవితం అంటూ మొదలుపెడతాం. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే పువ్వుల బొమ్మలు చెప్పేదీ అదే. నాకు దాంతో కొంచెం పేచీ ఉంది. మన నోట తెల్లారడం అంత శుభమైన మాటేం కాదు. "నీతో పెట్టుకుంటే తెల్లారినట్టే" అంటే పని అవ్వదని. "వాడి బతుకు తెల్లారిపోయింది" అంటే ఇక చెప్పక్కర్లేదు. "తెల్లవార్లూ మేలుకున్నాను" అంటే గడిపింది రాత్రంతా. పక్కింటి ఒడియా వాళ్లు "రాతి పాహిలా" అంటారు. అదీ వెలుగు వచ్చిందని కాదు, రాత్రి ఎలాగో గడిచిందని.

పామరుల మాటలు లెమ్మని తోసెయ్యకండి. ఋగ్వేదంలో ఉషస్సు మీద ఇరవై దాకా సూక్తాలున్నాయి. ఆకాశం కూతురు, రాత్రికి తోబుట్టువు. ఆవిడ అందాన్ని ఋషులు పొగిడిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. అయినా మొదటి మండలం 92వ సూక్తంలో ఒక చోట, రోజూ కొత్తగా పుట్టే ఈ పాత దేవత మనుషుల ఆయుష్షు తరిగేస్తోందంటాడు ఋషి. వేటగత్తె పక్షుల రెక్కలు కోసినట్టు అని సాయణుడి వ్యాఖ్య. మన "తెల్లారిపోయింది"కి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

అరుణుడి కథా అంతే. వినత తొందరపడి గుడ్డు పగలగొట్టింది. తొడలు లేని కొడుకు, అనూరుడు, బయటికొచ్చాడు. తల్లిని సవతికి దాసివి కమ్మని శపించాడు. ఆ సగం పిల్లవాడే సూర్యుడి రథం తోలుతున్నాడు. కోణార్క్‌లో అరుణుడికి నిలిపిన స్తంభాన్ని 18వ శతాబ్దంలో పూరీకి తెచ్చారు. జగన్నాథుడి సింహద్వారం ముందు నిలబడి చూడండి, పైన చేతులు జోడించుకుని కూర్చుని ఉంటాడు. మనం మాత్రం ఆ పేరు ఆడపిల్లలకు పెట్టేసుకున్నాం, ఆయనకేం అభ్యంతరం ఉన్నట్టు లేదు.

ఉష పేరు బాణాసురుడి కూతురిదీనూ. కలలో అనిరుద్ధుణ్ని చూసింది, చెలికత్తె చిత్రలేఖ బొమ్మ గీసి మరీ అతనెవరో తేల్చింది. తెల్లవారుజాము కల నిజమవుతుందనే మన ఆడవాళ్లు ఆ పిల్ల పేరు విని తలాడిస్తారు.

గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరిది. ఇక్కడి గిరిజనులైన సవరల మాట నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషి. అందుకే ప్రత్యూషం, ప్రభాతం మీద కాకుండా తెల్లారడం మీద ఇంతసేపు మాట్లాడే ధైర్యం చేశాను.

చివరిగా మన మహేంద్రతనయ నది. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడియా వాళ్లు బొయితా బందాణ అని అరటి దొప్పల పడవలు వదులుతారు, సముద్రం మీదికి వెళ్లిన పాతకాలపు వర్తకుల పేరున. సుమారు పదిహేను రోజులకు, పోలి పాడ్యమినాడు, మనవాళ్లు అరటి దొన్నెల్లో దీపాలు వదులుతారు. అత్త తనను ఇంట్లోనే వదిలేసి వెళ్తే, కవ్వానికి అంటిన వెన్నతోనే దీపం పెట్టుకుని బొందితో స్వర్గానికి వెళ్లిన కోడలు పోలి. రెండూ చీకటి ఉండగానే జరగాలి. మీ ఇళ్లల్లో పోలి కథ చెప్పేటప్పుడు మధ్యలో ఒడియా మాటలు దొర్లుతాయా? మామ్మలెవరైనా వచ్చి ఉంటే ఇటు ముందుకు రండి, మైకు ఇస్తాను.