కుండీలో వానపాములు వేయాలా, వద్దా?

హోస్ట్: నమస్కారం. అనంతపురం, కర్నూలు, కడపల్లో మిద్దెల మీద మొక్కలు పెంచేవాళ్లకు తరచూ వచ్చే సందేహంతోనే మొదలుపెడదాం. అక్కా, వానపాములు కొనుక్కొచ్చి కుండీకి నాలుగు చొప్పున వేస్తే మట్టి గుల్లబారుతుంది కదా?

అతిథి: చిన్న కుండీల్లో వేయొద్దు తమ్ముడూ. అమ్మకానికి దొరికేవి ఎక్కువగా యూడ్రిలస్, ఐసీనియా రకాలు. అవి కుళ్లే పేడ, ఆకులు తిని పైపైనే బతుకుతాయి. పన్నెండు అంగుళాల కుండీలో వాటికి ఆ తిండి ఎంతుంటుంది? అయిపోయాక చస్తాయి, లేదంటే రాత్రిపూట అడుగు రంధ్రంలోంచి వెళ్లిపోతాయి.

హోస్ట్: మన ఎండలు కూడా ఉన్నాయి కదా.

అతిథి: అసలు చిక్కు అదే. యూడ్రిలస్‌కు 25 నుంచి 30 డిగ్రీలు అనుకూలం, ఐసీనియాకు ఇంకా చల్లగా ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మనకు గాలి వేడే 40 దాటుతుంది. ఎండలో ఉన్న నల్ల ప్లాస్టిక్ కుండీ గోడ అంతకంటే ఎక్కువగా కాలుతుంది. చేలో ఉండే వానపాములైతే లోతుకు పోతాయి, కుండీలో వేసినవి ఎక్కడికి పోతాయి పాపం?

హోస్ట్: మరి ఎట్ల చేయాలంటారు?

అతిథి: పాముల్ని నీడలో వేరే బకెట్లో పెంచి, ఎరువు మాత్రం కుండీలకు వేయాలి. ఇరవై లీటర్ల పెయింట్ బకెట్ అడుగున ఎనిమిది, పది రంధ్రాలు పెట్టు. రెండు అంగుళాల మందాన కొబ్బరి పీచు పరువు. దాని మీద సగం దాకా పేడ, ఎండుటాకులు. పచ్చి పేడ మాత్రం వద్దు, అది మాగేటప్పుడు వేడెక్కుతుంది, ఘాటు వస్తుంది. పదిహేను, ఇరవై రోజులు నీడలో ఉంచి, నీళ్లు చల్లుతూ తిరగేసి, చెయ్యి పెడితే చల్లగా తగిలాకే నూరు పాముల దాకా వదులు. పైన తడి గోనెసంచి కప్పు.

హోస్ట్: తడి ఎంతుండాలి?

అతిథి: గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎక్కువైనట్టు. పాము చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది. ఎండిపోయినా చస్తుంది, నీళ్లు నిలిచి గాలి ఆడకపోయినా చస్తుంది. పాములు గుంపుగా బకెట్ గోడ ఎక్కుతున్నాయంటే తడైనా ఎక్కువ, పేడైనా మాగలేదు. చీమలు పట్టాయంటే ఎండిపోయిందని. తడి చేసి, బకెట్‌ను ఇటుక మీద పెట్టి, ఆ ఇటుకను నీళ్ల పళ్లెంలో ఉంచితే చీమలు ఎక్కలేవు.

హోస్ట్: వంటింటి చెత్త వేయొచ్చా?

అతిథి: కూరగాయల తొక్కలు కొద్దికొద్దిగా వేయొచ్చు. నిమ్మ తొక్కలు, మిరపకాయలు, ఉప్పు కలిసిన మిగులు కూరలు వద్దు.

హోస్ట్: ఎరువు తీసేదెప్పుడు?

అతిథి: నలభై అయిదు నుంచి అరవై రోజులకు పైన టీ పొడిలాగా గింజకడుతుంది. అప్పుడు మూడు, నాలుగు రోజులు నీళ్లు ఆపు. పాములు కిందికి దిగుతాయి, పైది ఎత్తుకో. పన్నెండు అంగుళాల కుండీకి నెలకు రెండు గుప్పెళ్లు, పై రెండు అంగుళాల మట్టిలో కలిపి ఎండుటాకులు కప్పాలి. ఎండకు వదిలేస్తే అందులోని సూక్ష్మజీవులు చాలావరకు చచ్చిపోతాయి.

హోస్ట్: కుండీలోనే పాములు ఉండాలని పట్టుబట్టేవాళ్లకు?

అతిథి: పద్దెనిమిది అంగుళాలకు తగ్గని కుండీ తీసుకోమను. ఎర్రమట్టి నాలుగు పాళ్లు, చివికిన దిబ్బెరువు మూడు, కొబ్బరి పొట్టు రెండు, ఇసుక ఒకటి. మధ్యలో రంధ్రాలు పెట్టిన మూడు అంగుళాల పైపు ముక్క నిలబెట్టి, పదిహేను పాములు, వాటి తిండి అందులోనే వేసి మూత పెట్టాలి. అవి పైపులో తిని, మట్టిలోకి వచ్చిపోతుంటాయి. ఆ కుండీకి యూరియా, డీఏపీ మాత్రం తగలనీయొద్దు, ఆ లవణాలకు పాము చర్మం తట్టుకోదు. వేప పిండి కూడా పిడికిళ్లకొద్దీ వేయకూడదు.

హోస్ట్: మొదలుపెట్టడానికి ఏ నెల మంచిది?

అతిథి: జూలైలో వానలు పడి ఎండ తగ్గాక. ఫిబ్రవరి చివరికి పైపులోని పాముల్ని తీసి నీడలోని బకెట్లోకి మార్చేయాలి.