తొక్క చెప్పే లెక్క

శ్రోతలకు నమస్కారం.

పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ ఉందనుకుందాం. ఉదాహరణ కోసం నేను కల్పించిందే, ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. యజమాని నెలనెలా బ్యాంకుకు స్టాకు స్టేట్‌మెంట్ ఇస్తాడు. సరుకు ఎంత ఉంటే దాన్నిబట్టి అంత అప్పు వాడుకోవచ్చు. ఈ నెల వెయ్యి బస్తాల పిక్కలు ఆడించాం, పప్పు గోదాంలో ఉంది అని రాసిచ్చాడు. కొనుగోలు బిల్లులు ఉన్నాయి. పుస్తకాలు పైసాతో సహా కుదిరాయి.

అనుమానం వచ్చి బ్యాంకు ఒక ఫోరెన్సిక్ అకౌంటెంట్‌ను, అంటే లెక్కల్లో మోసాన్ని ఆరా తీసే నిపుణురాలిని పంపింది. ఆమె పుస్తకాలు పక్కనపెట్టి ముందు పెరట్లోకి వెళ్లింది. బస్తా 80 కిలోలు, వెయ్యి బస్తాలంటే 80 టన్నులు. అందులో పప్పు ఇంచుమించు నాలుగో వంతు. తొక్క 50 టన్నులకు తగ్గదు. అదంతా ఏమైంది? కొంత బాయిలర్‌లో మండించారు, సరే. మిగిలింది జీడినూనె తీసేవాళ్లు కొనుక్కుపోవాలి కదా, ఆ అమ్మకం ఏదీ? కరెంటు బిల్లు పోయిన నెలకన్నా పెరగలేదేం? పప్పు ఒలిచే ఆడవాళ్లకు కిలోల లెక్కన ఇచ్చే కూలి ఆ నెల సగానికి ఎందుకు పడిపోయింది?

పప్పు ఉందని కాగితం మీద రాయడం చిటికెలో పని. తొక్క, కరెంటు, కూలి, లారీ కిరాయి అన్నీ కలిసి అదే అబద్ధం చెప్పేలా చూసుకోవడం మాత్రం ఎవరి తరమూ కాదు. ఫోరెన్సిక్ అకౌంటింగ్ నిలబడింది దీనిమీదే. మామూలు ఆడిట్‌లో చాలావరకు నమూనాకు కొన్ని బిల్లులు తీసి, లెక్కలు సబబుగా ఉన్నాయా అని చూస్తారు. ఇక్కడ ఒక్క అనుమానాన్ని పట్టుకుని దాని అంతు తేలేదాకా వెళ్తారు.

లారీ సంగతే చూడండి. సరుకు విలువ 50 వేలు దాటితే దాని రవాణాకు సాధారణంగా ఈ-వే బిల్లు అనే ఆన్‌లైన్ పత్రం కావాలి, అందులో బండి నంబరు ఉంటుంది. పలాస నుంచి విశాఖకు హైవే మీద సరుకు వెళ్లిందంటే ఆ బండి మడపాం టోల్‌గేటు దాటాలి, నాతవలస దాటాలి. ఫాస్టాగ్ వచ్చాక దాటిన గంటా నిమిషం కూడా రికార్డయి ఉంటున్నాయి. పశువుల పేరు చెప్పి ప్రభుత్వ సొమ్ము కాజేసిన బీహార్ దాణా కుంభకోణంలో రవాణా బిల్లుల మీద రాసిన లారీ నంబర్లలో కొన్ని ఆరా తీస్తే స్కూటర్లవని తేలింది. స్కూటరు మీద పశువులను తోలుకెళ్లిన ఘనత వాళ్లదే!

ఇంత హడావుడి చేసినా, మోసాలు ఎక్కువగా బయటపడేది లెక్కల వల్ల కాదు, ఎవరో ఒకరు చెప్పడం వల్ల. మోసాలను పరిశోధించేవాళ్ల అంతర్జాతీయ సంఘం ఏసీఎఫ్ఈ 2024 నివేదికలో, తాము పరిశీలించిన కేసుల్లో 43 శాతం అలా బయటపడ్డవేనని రాసింది. అందుకే ఈ విద్యలో మనుషులతో మాట్లాడడం కూడా ఒక పాఠం. “ఆ నెల మిల్లు పది రోజులు తిరగనేదు బాబూ” అని గేటు దగ్గర వాచ్‌మన్ అన్న మాట ఒక్కోసారి పది ఫైళ్ల పెట్టు. దర్జాగా కుర్చీలో కూర్చుని గద్దించేవాడికి ఆ మాట దొరకదు.

ఇంకో గుర్తుంది. ఏళ్ల తరబడి ఒక్క రోజు సెలవు పెట్టని క్యాషియరును మనం మెచ్చుకుంటాం. ఫోరెన్సిక్ అకౌంటెంట్ మాత్రం ఆయన సీట్లో ఇంకొకరు కూర్చుంటే ఏం బయటపడుతుందా అని ఆలోచిస్తుంది. బ్యాంకుల్లో కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లు ఏడాదికోసారి వరసగా కనీసం 10 పనిదినాలు సెలవులో ఉండాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన వెనక ఉన్నదీ ఈ ఆలోచనే.

సత్యం కంప్యూటర్స్ సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రాసిన ఉత్తరంలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. బ్యాంకులో డబ్బుందా లేదా అన్నది కంపెనీ చేతిలోని కాగితం చూసి నమ్మకుండా, నేరుగా బ్యాంకును అడిగి తెలుసుకోవాలి. ఈ చదువులో మొదటి వారమే చెప్పే విషయం ఇది.

అంకెల్లోనూ ఒక తమాషా ఉంది. సహజంగా పుట్టిన లెక్కల్లో మొదటి అంకె 1 ఉన్నవి సుమారు 30 శాతం ఉంటాయి, 9 ఉన్నవి 5 శాతానికి లోపే. దీన్ని బెన్‌ఫోర్డ్ సూత్రం అంటారు. బిల్లులు కల్పించేవాడు అంకెలన్నీ సమంగా చల్లుతాడు, దొరికిపోతాడు. అయితే రోజు కూలి ఇంత అని ముందే ఖాయమైన చోట ఈ సూత్రం పనికిరాదు. పనికొచ్చిన చోట కూడా అది ఎక్కడ వెతకాలో చెబుతుందే తప్ప రుజువు కాదు.

రుజువు దగ్గరే కొత్తవాళ్లు తడబడతారు. కంప్యూటర్ దొరగ్గానే తెరిచి ఫైళ్లు కెలికితే కేసు అక్కడే నీరుగారిపోతుంది. ముందు నకలు తీయాలి, దానికి హాష్ విలువ కట్టాలి. అది ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో ఆ విలువ రాయాలి. ఇక రిపోర్టులో ఫలానా మనిషి దొంగ అని తీర్పు చెప్పకూడదు. దొరికింది దొరికినట్టు రాయాలి, నేరం తేల్చేది కోర్టు.

చార్టర్డ్ అకౌంటెంట్ల కోసం వాళ్ల జాతీయ సంస్థ ఐసీఏఐ ఈ విద్యలో ఒక సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. ఇలాంటి పరిశోధనలు ఎలా చేయాలో ఆ సంస్థ రూపొందించిన ప్రమాణాలు 2023 జులై 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో బీకాం చదువుతున్న పిల్లలు అంతదాకా ఆగనక్కర్లేదు. ఇంట్లోవాళ్లను అడిగి ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ ఎక్సెల్‌లో తెచ్చుకోండి. ఒకే మొత్తం రెండుసార్లు వెళ్లినవి ఏవి, గుండు సున్నాలతో ముగిసినవి ఏవి, ఆదివారం జరిగినవి ఏవి అని వడకట్టి చూడండి. ఒక్కోదానికీ బిల్లు గానీ రసీదు గానీ వెతికి పక్కన పెట్టండి. దొరకని వాటి గురించి నాన్నగారిని అడిగేటప్పుడు మాత్రం కాస్త మెల్లగా అడగండి.

సెలవు.